ఏం లేదు గీడ

మా బడి మూతపడి చాలా ఏళ్ళయింది. దాని పాత స్టాఫ్ వాట్సాప్ గుంపు మాత్రం ఇంకా బతికే ఉంది. పండగలకు పూల బొమ్మలు, ఎవరింట్లోనైనా పెళ్ళయితే ఫొటోలు, ఎవరైనా పోతే జోడించిన చేతులు. మొన్న ఒక ఉదయం అందులో "ఆపా పోయారు, ఎర్రగడ్డలో ఇంటి దగ్గరే ఉంచారు" అని వచ్చింది. కింద వరసగా జోడించిన చేతులు. వాటి మధ్యలో మా పాత డ్రిల్లు మాస్టారు రాశాడు: "మన దారం ఆపా. పార్కులో పురుగులు కట్టిన మనిషి. ఆత్మకు శాంతి కలగాలి."

అతను వెక్కిరించలేదు. ప్రేమగానే రాశాడు. ఆ బడిలో పనిచేసినవాళ్ళకు, చదివినవాళ్ళకు ఆమె గుర్తున్నది అలాగే. అలా గుర్తుండేలా చేసింది నేను.

ఆపా అంటే అక్క. బడిలో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. ప్రిన్సిపాల్‌కీ ఆపాయే, ఆయాకీ ఆపాయే. పిల్లలు మాత్రం టీచర్ అనేవారు. మూడు, నాలుగు తరగతులకు సైన్స్ చెప్పేవారు. పంజగుట్ట నుంచి అమీర్‌పేట వైపు వచ్చే రోడ్డుకు వెనకగా, మూడంతస్తుల ఇంటిని బడిగా మార్చిన చోటు అది. కింద స్కూటర్లు, పైన పిల్లలు. హైటెక్ సిటీ కొత్తగా వెలుగుతున్న రోజులు. అమీర్‌పేటలో కరెంటు స్తంభానికి కూడా సాఫ్ట్‌వేర్ కోర్సు కాగితం అంటించి ఉండేది. మాది గుంటూరు వైపు. డిగ్రీ అయ్యాక ఊరి కుర్రాళ్ళందరిలాగే వచ్చి, మధురానగర్ హాస్టల్‌లో దిగి, పొద్దున కోచింగ్‌కు పోయి, మధ్యాహ్నం నుంచి ఆ బడిలో కంప్యూటర్ సారుగా కుదురుకున్నాను. శనివారాలు ఆపా పిల్లల్ని పార్కుకు తీసుకెళ్ళేవారు. రోడ్డు దాటించడానికి ఒక మగమనిషి ఉండాలని కరస్పాండెంట్ గారు నన్ను తోడు పంపేవారు.

పార్కు అంటే పెద్దగా ఏమీ ఊహించుకోకండి. శ్రీనగర్ కాలనీ వైపు, నాలుగు ఇళ్ళ మధ్య మిగిలిన జాగా. రెండు సిమెంటు బెంచీలు, చదునుగా కత్తిరించిన కంచె, కొన్ని పొదలు, నిలువునా పెరిగిన నరమామిడి చెట్ల వరస, "గడ్డి మీద నడవరాదు" అన్న బోర్డు, మూలన ఒక కుళాయి. వారం వారం కాంట్రాక్టరు మనిషి వచ్చి మందు కొట్టి పోయేవాడు. పచ్చగా ఉండేది. పచ్చదనం తప్ప ఇంకేమీ ఉండేది కాదు. పెద్ద తోటలకు పోవాలంటే బస్సు కావాలి. బస్సుకు కరస్పాండెంట్ గారు ఒప్పుకోరు.

ఆ పార్కు గేటు దాటగానే ఆపా వేరే మనిషి అయిపోయేవారు. బురఖా మడిచి సంచిలో పెట్టి, చీర కుచ్చిళ్ళు దోపుకుని, మోకాళ్ళ మీద మట్టిలో కూర్చునేవారు. ఆ మట్టి మరకలతోనే మళ్ళీ బడికి వచ్చి సాయంత్రందాకా పాఠం చెప్పేవారు. చేతిలో ఎప్పుడూ ఒక నల్ల గొడుగు. ఎండకు కాదు. దాన్ని వెల్లకిలా తెరిచి పొద కింద పట్టుకుని, కొమ్మను కర్రతో రెండు దెబ్బలు కొట్టేవారు. ఆకుల్లో దాక్కున్న పురుగులు గొడుగులో రాలాలి. పిల్లలు తలలు తలలు ఢీకొట్టుకుంటూ గొడుగులోకి వంగేవారు. ఒకసారి ఎవరో తండ్రి బడికి భూతద్దాలు కొనిచ్చాడు. ఆపా వాటిని బీరువాలోంచి తియ్యలేదు. ఎందుకని అడిగాను.

"గాజెందుకు సార్? మోకాళ్ళు వంగితె అన్ని పెద్దగనే కనిపిస్తయి."

పిల్లల్ని వరసగా నిలబెట్టి, "కండ్లు మూయుండ్రి, వేళ్ళు తెరువుండ్రి" అని అరచేతుల్లో ఆకులు పెట్టేవారు. గరుకుగా ఉంది, పిల్లి నాలుకలా ఉంది, నాన్న గడ్డంలా ఉంది అని వాళ్ళు అరుస్తుంటే, తన కళ్ళు కూడా మూసుకుని వినేవారు.

ఇంకో అలవాటు ఉండేది. ఏదైనా పొద దగ్గర ఆగి, దానికి వీపు పెట్టి నిలబడి, చేతులు దులుపుకుని, "ఏం లేదు గీడ. నడువుండ్రి నడువుండ్రి" అనేవారు.

"ఉంది టీచర్!"

"ఏడుంది? నా కండ్లకు కనిపిస్తలేదు. ముసలిదాన్నైన."

"మీ వెనకాలే టీచర్! నత్త!"

"గీ ఎండల నత్త ఏంది బేటా? రాయి అయుంటది."

"రాయికి కొమ్ములుంటాయా టీచర్!"

"అరె, కొమ్ములున్నయా? జర జరుగుండ్రి, నన్ను సుత చూడనియ్యుండ్రి."

టీచర్‌ను ఓడించిన సంతోషంలో పిల్లలు గెంతేవారు. ఆమె ఓడిపోవడంలో ఉన్న నేర్పు నాకు అప్పుడు తెలియలేదు.

ఆ పిల్లల్లో ఒకమ్మాయి ఉండేది. ఇప్పుడు పెద్దదై ఇదే ఊళ్ళో ఉంది కనుక ఆనవాళ్ళు కొన్ని మార్చి రాస్తున్నాను. ఏది ముట్టుకున్నా వేళ్ళు వాసన చూసుకునేది. వాళ్ళమ్మ ఒకసారి గేటు దగ్గర నన్ను పట్టుకుంది. "ఏంటండీ సార్, మా పాప చేతులు కడగనివ్వట్లేదు! తులసి వాసన పోతుందంట. అన్నం ఎలా తింటుందండీ?" అంది. ఫిర్యాదులా మొదలుపెట్టి నవ్వేసింది. ఒక శనివారం ఆ పిల్ల చూపుడువేలు మీదికి ఒక అక్షింతల పురుగు ఎక్కింది. గోరు చివరదాకా పాకి, రెక్కలు విప్పి ఎగిరిపోయింది. ఆ పిల్ల ఆ వేలిని మడవకుండా, పైకెత్తి పట్టుకునే బడిదాకా నడిచింది.

ఇదంతా ఒక సన్నటి కొమ్మ మీద నిలిచిన వ్యవహారం. కరస్పాండెంట్ గారు ఏడాది మొదట్లోనే ఆపాతో చెప్పేశారు. అప్పుడు నేనూ అక్కడే ఉన్నాను.

"చూడండమ్మా, పేరెంట్స్ శనివారం కూడా కంప్యూటర్ క్లాసు పెట్టమంటున్నారు. మీరేమో ఆకులు చూపిస్తానంటారు. సరే, చూపించండి. కానీ పిల్లాడు ఇంటికెళ్ళి ఏదో ఒకటి చెప్పాలి. 'ఏం చూశావురా' అంటే 'ఏం లేదు' అన్నాడనుకోండి, నాకు ఫోనొస్తుంది. ఫోనొస్తే ఆపేస్తా."

"ఫికర్ చెయ్యకుండ్రి సార్. చెప్తరు" అన్నారు ఆపా.

ఇక నా సంగతి. ఆ ఏడు ఎండలు ముదిరే వేళకు నేను ఇంటర్వ్యూలకు పోవడం, వెనక్కి రావడం అలవాటైపోయిన స్థితికి వచ్చాను. గదిలో పక్క మంచం వాడికి ఉద్యోగం వచ్చింది, ఎదురు మంచం వాడికీ వచ్చింది. మా మేనమామకు ఎరువుల కొట్టు ఉంది. అక్కడ కూర్చోవడానికి వచ్చేస్తానని ఇంటికి చెప్పాను. బడిలో కూడా చెప్పేశాను.

అదే వారం పార్కులో, పిల్లలు నీళ్ళకు కుళాయి దగ్గరికి పరుగెత్తినప్పుడు, ఆపా కంచెకు వీపు పెట్టి నిలబడ్డారు. అక్కడ నేను తప్ప ఎవరూ లేరు.

"ఏం లేదు గీడ సార్. నడువుండ్రి" అన్నారు.

పక్కకు చూశాను. పుల్లకు అంటుకున్న ఎండుటాకు ముక్క లాంటిది ఒకటి కదిలింది. గాలి లేదు. మళ్ళీ కదిలింది. నేను వంగాను. అది వీపు మీద చీలింది. లోపలినుంచి తడిసిన, నలిగిన, నల్లటిదేదో కాళ్ళతో పుల్లను పట్టుకుని బయటికి వచ్చింది. పిండిన గుడ్డలా ఉన్న రెక్కలు చూస్తుండగానే నెమ్మదిగా సాపు అయ్యాయి. నలుపు మీద లేత పసుపు మచ్చలు. పిల్లలు వచ్చి నా భుజాల మీద పడ్డారు.

"ముందుగాల ఎవరు చూసిండ్రు?" అని అడిగారు ఆపా.

"సార్!"

"సార్‌కు దొరికింది. గిది అందరికి దొరకదు సార్. కండ్లుంటె సరిపోదు, టైమ్ సుత రావాలె."

నా వయసు అప్పుడు ఇరవై మూడు. ఆ మాటను నేను జాతకంలా పట్టుకున్నాను. ఆ సాయంత్రం ఎస్టీడీ బూత్‌లో మా అమ్మకు సీతాకోకచిలుక కథంతా చెప్పి, ఇంకొన్నాళ్ళు చూస్తానన్నాను. "పురుగుని చూసి ఆగిపోతావట్రా?" అంది అమ్మ. ఆగిపోయాను. ఆ వేసవంతా ఆ ఒక్క మాట మీద నిలబడ్డాను. గదిలో ఎవరికి ఉద్యోగం వచ్చినా, నాకు దొరికింది మీకు దొరకలేదురా అని లోపల అనుకునేవాణ్ణి.

వానలు మొదలయ్యాక ఒక శనివారం పొద్దున్నే హాస్టల్‌లో నీళ్ళు రాలేదు. ముఖం కడుక్కుందామని పార్కు కుళాయి దగ్గరికి నడిచాను. లోపల ఆపా ఉన్నారు. కంచె పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నారు. పక్కన ఆమె టిఫిన్ క్యారియర్ గిన్నెలు విడదీసి పరిచి ఉన్నాయి. అన్నం తెచ్చుకుంటారనుకున్న గిన్నెల్లో తడిగుడ్డ కింద నత్తలు, ఆకులకు అంటిన గొంగళిపురుగులు, ఒక పుల్ల మీద ప్యూపా. ఆ పుల్లను కంచె కొమ్మకు ఆనించి ఆకుపచ్చ దారంతో చుట్టి, మిగిలిన దారం పంటితో కొరికారు. తర్వాత రెండడుగులు వెనక్కి వచ్చి, తలను పిల్లల ఎత్తుకు దించి, కనిపిస్తున్నదా లేదా అని చూసుకున్నారు.

ముఖం కడుక్కోవడం మరిచిపోయి అక్కడికి నడిచాను.

"ఇదేంటి మేడం?"

ఉలిక్కిపడ్డారు. గిన్నె మీద మూత పెట్టబోయి, ఎందుకులే అనుకున్నట్టు ఆగారు. "జల్దీ వచ్చిండ్రు సార్."

"ఇవన్నీ మీరు తెచ్చి కడుతున్నారా?"

"ఇంటికాడ కుండీలల్ల నిమ్మ ఉంది, కరివేపాకు ఉంది. మస్తు పురుగులొస్తయి. మొదటి ఏడాది ఏం కట్టలె సార్. ఉత్త చేతులతోటి తిరిగొచ్చినం. పిల్లలు ఇంటికి పోయి ఏం లేదన్నరు. కరస్పాండెంట్ సారు బంద్ చేస్తనన్నరు."

"అందుకని అబద్ధం చెప్తారా? సైన్స్ టీచర్ అయ్యుండి?"

"పురుగు అబద్ధమా సార్? నత్త అబద్ధమా?" అన్నారు. కోపం లేదు గొంతులో. "మీకు నిజం గావాలె. పిల్లలకు పురుగు గావాలె. గీ పార్కుల రెండూ లేవు. నేనేం జెయ్యాలె చెప్పుండ్రి."

నేను అడగదలుచుకున్నది అది కాదు.

"మరి నాది?"

ఆమె దారపు ఉండను చేతిలో తిప్పారు. "మీరు మస్తు పరేషాన్ ఉండిండ్రు గద సార్. పొద్దుగాల చూస్తే ఆ ప్యూపా నల్లగై పగిలేటట్టుండె. మీ దిక్కు తిప్పి కట్టిన."

దాన్ని దయ అనాలని ఇప్పుడు నాకు తెలుసు. ఆ ఉదయం అది జాలిలా తగిలింది. నన్ను ఎంచుకున్నదనుకున్న ప్రపంచం నన్ను చూడనే లేదు. ఒక టీచరమ్మ నా ముఖం చూసి, చంటిపిల్లాడి చేతిలో బిస్కట్టు పెట్టినట్టు పెట్టింది. అమ్మకు ఫోన్లో చెప్పుకున్న కథ, మంచం మీద పడుకుని నాకు నేను చెప్పుకున్న ధైర్యం, అన్నీ ఆ దారం కొసన వేలాడుతున్నాయి.

"పిల్లలకు చెప్పకుండ్రి సార్," అన్నారు ఆపా. "నేనే చిన్నగ మానేస్త. కట్టుడు తగ్గించుకుంట వస్త. మీకు దండం పెడ్త."

"చెప్పను" అన్నాను.

చెప్పాను. ఆ రోజే చెప్పాను. పిల్లలు వచ్చారు, ఆపా కంచెకు వీపు పెట్టి ఏం లేదు గీడ అన్నారు. ఎప్పటికంటే మెల్లగా అన్నారు. ఎవడో ప్యూపాను చూసి కేకవేశాడు. అందరూ మూగారు. నేను వెనకనుంచి, పాఠం చెప్పే గొంతుతో అన్నాను.

"చూడ్డం కాదు, ముట్టుకోండి. ఆ పుల్ల కింద వేలు పెట్టండి. ఏం తగులుతోంది?"

"దారం సార్."

"పుల్లకు దారం ఎందుకుంటుంది?"

పిల్లలు ఆపా వైపు చూశారు. ఆమె ఏదైనా చెప్పి ఉండొచ్చు. గాలికి కొట్టుకొచ్చిందంటే నమ్మేవాళ్ళే. గొడుగు మూసి చంకలో పెట్టుకున్నారు. "నేనే కట్టిన బేటా" అన్నారు.

పిల్లలు ఏడవలేదు. అదే నన్ను భయపెట్టింది. వాళ్ళకు కొత్త ఆట దొరికింది. పార్కంతా చెల్లాచెదురై దారాలు వెతికారు. "ఇక్కడొకటి! ఇక్కడొకటి!" అంటూ ఒక్కొక్కటీ తెంపి తెచ్చారు. నత్తల్ని కూడా తిరగేసి దారం ఉందేమోనని చూశారు. వేళ్ళు వాసన చూసుకునే పిల్ల మాత్రం కదల్లేదు.

"నాది కూడానా టీచర్? నా వేలు మీదికొచ్చిన పురుగు?"

"నీది కాదు బేటా. అది దానంతట అదే వచ్చింది. ఒట్టు."

ఆ పిల్ల ఆపా ముఖంలోకి చూసింది. తర్వాత వేలిని ఫ్రాకుకు తుడుచుకుంది.

సైన్స్ అంటే ప్రశ్నించడం, పిల్లలకు నిజం తెలియాలి అని ఆ రాత్రి గదిలో అందరికీ వాదించి చెప్పాను. ఎవరూ ఎదురు చెప్పలేదు. నా మనసుకు తగిలిన దెబ్బను తొమ్మిదేళ్ళ పిల్లల మీద దించుకున్నానని ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఆపా మాట మీద నిలబడ్డారు. ఇక కట్టనని పిల్లలకు చెప్పారు, కట్టలేదు. శనివారం నడకలు సాగాయి. గొడుగులో దుమ్ము, ఎండుటాకులు రాలేవి. ఏం లేదు గీడ అనడం కూడా మానేశారు. ఇళ్ళకు పోయి పిల్లలు ఏం లేదనే చెప్పారు. ఫోన్లు వచ్చాయి. "ఈ ఒక్క నెలా చూస్తానండీ" అని నెలనెలా అంటూ వచ్చారు కరస్పాండెంట్ గారు. అదే రోజుల్లో కాంట్రాక్టరు మారాడు. కొత్తవాడు మందు కొట్టడం మానేశాడు. బద్ధకమో, పొదుపో తెలియదు. నేను గమనించలేదు. ఆపా గమనించారు. "సార్, చీమల దారి కనిపిస్తుంది చూడుండ్రి" అన్నారొకసారి. నేను తలతిప్పుకున్నాను.

చలి వెనకబడుతున్న ఒక శనివారం, కుళాయి పక్క పొద దగ్గర ఆపా ఆగిపోయారు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. వీపు తిప్పలేదు. మోకాళ్ళ మీద కూడా కూర్చోలేదు. ఆమె అలా నిలబడిపోవడం చూసే, ఇది ఆమె పెట్టింది కాదని నాకు తెలిసిపోయింది.

చిటారు కొమ్మకు ఏదో చెత్త ముద్ద వేలాడుతున్నట్టుంది. ఎండాకులు, బెరడు పీచు, ఏదో కోర్సు కాగితం పసుపు ముక్క. పక్కన చిన్న రంధ్రం, దాని మీద వసారాలా ఒక చూరు. రంధ్రంలోంచి సన్నగా వంగిన ముక్కు బయటికి ఉంది.

"తేనెపిట్ట" అన్నారు ఆపా, గుసగుసగా. "పొదుగుతున్నది. ఎవరు కదలకుండ్రి. కూసోండ్రి, మెల్లగ కూసోండ్రి."

ఇరవై మంది పిల్లలు కూర్చుంటే చప్పుడు కాకుండా ఉండదు. పిట్ట చివాలున ఎగిరి తీగ మీద వాలింది. అప్పటికే వేళ్ళు వాసన చూసుకునే ఆ పిల్ల లేచి పొద దగ్గరికి నడిచింది. గూడును కొమ్మకు చుట్టిన సాలెపురుగు దారాలు ఎండకు తళతళమంటున్నాయి. గూళ్ళు అల్లుకోవడానికి ఆ పిట్టలు సాలెపట్టునే వాడతాయి.

"టీచర్, దారం!"

"అది దారం కాదు బేటా, జర ఆగు, అది..."

ఒక్క గుంజు. దూదిలా ఊడి వచ్చింది. రెండు గుడ్లు కుళాయి గట్టు మీద పడి పగిలాయి. తీగ మీద పిట్ట అరవడం మొదలుపెట్టింది.

ఆ పిల్ల చేతిలో గూడు ఉంది. లోపల ఇంకా వెచ్చగా ఉండి ఉంటుంది. ముఖంలో రక్తం లేదు.

"టీచర్... ఇది నిజందా?"

ఆ గూడు ఆపాకు ఏమిటో నాకు తెలుసు. పిల్లలు ఇంటికి పోయి చెప్పడానికి ఒకటి దొరికింది. పార్కు తనంతట తానే ఇచ్చింది. నడకలు నిలబడతాయి. దారం ఆపా అన్న పేరు పోతుంది. ఆ పిల్ల మళ్ళీ తన వేళ్ళను నమ్ముతుంది. ఇవన్నీ ఆమె కళ్ళముందే ఉన్నాయి. ఆమె వంగి, పగిలిన గుడ్ల మీద చీర కొంగు వేశారు.

"కాదు బేటా. నేనే కట్టిన. పాత గూడు. ఇంటికాడ దొరికితె తెచ్చిన."

"గుడ్లు?"

"పనికిరానియి. నేనే పెట్టిన."

"మరి ఆ పిట్ట?"

ఆపా తీగ మీది పిట్ట వైపు చూశారు. నా వైపు తిరిగారు. "సార్‌ను అడుగు. సార్ అబద్ధం చెప్పరు గద. పొద్దుగాల నేను కట్టంగ చూసిండ్రు గద సార్?"

పిల్లలంతా నన్ను చూశారు. వాళ్ళకు నిజం చెప్పే మనిషిని నేను.

"చూశాను" అన్నాను. "టీచరే కట్టారు. ఆ పిట్ట ఊరికే వచ్చింది."

ఆ పిల్ల ముఖంలోకి రక్తం తిరిగి వచ్చింది. దాని వెనకే కోపం వచ్చింది. గూడును కింద పడేసింది. "ఇక కట్టనన్నారు కదా టీచర్! మళ్ళీ మోసం చేశారు."

"గలతీ అయింది బేటా" అన్నారు ఆపా. "మాఫ్ చెయ్యి."

సోమవారం తల్లులు వచ్చారు. "గుడ్లు కూడా తెచ్చి పెట్టిందంటండీ! ఇదేం సైన్సండీ?" అని కరస్పాండెంట్ గారి గదిలో అరుస్తుంటే, పక్క బల్ల దగ్గర నేను మార్కుల పట్టికలు ప్రింటు తీస్తున్నాను. ఆయనకైనా నిజం చెప్పి ఉండొచ్చు. ఆ పిల్లకు తెలియకుండా చూడమని అడగొచ్చు. ప్రింటరు చప్పుడు చేస్తుండగా నిలబడ్డాను. నడకలు ఆగిపోయాయి. శనివారం కంప్యూటర్ క్లాసు పెట్టారు. ఆ క్లాసు చెప్పింది నేనే. కొన్నాళ్ళకు నాకు ఉద్యోగం వచ్చింది, వెళ్ళిపోయాను. పోయేముందు స్టాఫ్ రూములో ఆపాకు చెయ్యెత్తి నమస్కారం పెట్టాను. "ఖుష్ ఉండుండ్రి సార్" అన్నారు. కాపీలు దిద్దుతూ, తల ఎత్తి, నవ్వే అన్నారు.

మొన్న నేను ఎర్రగడ్డ చేరేసరికి ఖననం అయిపోయింది. సందులో ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉన్నాయి. ఆపా కొడుకు, నా వయసువాడే, వచ్చినవాళ్ళకు నీళ్ళు ఇస్తున్నాడు. నేనెవరినో చెప్పాను. "కంప్యూటర్ సార్ గదా. ఎరుకే" అని కుర్చీ చూపించాడు. కాసేపటికి ఇంట్లోంచి ఒకామె వచ్చి నా పక్కన కూర్చుంది. మెడలో ఆఫీసు కార్డు. చెప్పేదాకా గుర్తుపట్టలేదు.

"నేనే సార్ ఆ గూడు పీకింది" అంది. "ఆ రోజు మా అమ్మకి చెప్పాను, టీచర్ మళ్ళీ చీట్ చేసిందని. దానివల్లే కదా ఆపేశారు. ఆవిడంటే నాకు చాలా ఇష్టం సార్. కానీ ఆ తర్వాత ఏదీ పూర్తిగా నమ్మలేకపోయాను. ఎవరైనా ఏదైనా మంచిది చూపిస్తే, వెనక దారం ఉందేమో అనిపిస్తుంది." కొంచెం నవ్వింది. తర్వాత గొంతు తగ్గించింది. "ఒక్కోసారి డౌట్ వస్తుంది సార్. ఆ పిట్ట అంత అరిచింది కదా. నిజంగా ఆవిడే కట్టారా?"

ఇప్పుడు నిజం చెబితే ఎవరికి మేలు? ఆపాకా? చెప్పకపోతే ఎవరికి? ఎన్నో ఏళ్ళు ఆ ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకున్నాననుకున్నాను. నోటికి వచ్చింది పాత మాటే.

"ఆవిడే కట్టారమ్మా. నేను చూశాను."

ఆమె ఊపిరి వదిలింది. భుజాలు దిగాయి. "అదే అనుకున్నాను" అంది. ఆ ముఖంలో తేలికపడ్డ మనిషీ, మోసపోయిన పిల్లా ఇద్దరూ కనిపించారు. బుక్ చేసుకున్న కారు వచ్చిందని లేచి వెళ్ళిపోయింది.

నీళ్ళ గ్లాసులు పట్టుకుని ఆపా కొడుకు వెనకే నిలబడి ఉన్నాడు.

"తేనెపిట్ట గూడు కట్టుడు మనిషి చేతికొస్తదా సార్?" అన్నాడు.

"రాదు" అన్నాను. "మీ అమ్మగారే అలా చెప్పమన్నారు."

"ఎరుకే. అమ్మీ అంతా చెప్పింది." గ్లాసు నా చేతికిచ్చాడు. "అమ్మీ చెప్పద్దన్ననాడు చెప్పిండ్రు. చెప్పమన్ననాడు సుత చెప్పిండ్రు. రెండు దిక్కుల మంచి పేరు మీదే అయింది గద సార్."

అరిచి అనలేదు. వాళ్ళమ్మ గొంతే అది. ఆ అమ్మాయి లేచి వెళ్ళిన కుర్చీని తీసుకుని, సందు మొదట్లో కొత్తగా వస్తున్నవాళ్ళకు వెయ్యడానికి పోయాడు.